విద్యుత్ మోటారుసైకిలు: ఛార్జింగు వేళ బ్యాటరీ వేడి

వేడి సరుకును ఏమి చేస్తుందో చిలకలూరిపేట ప్రాంతంలో మిరపకాయల వ్యాపారం ఎరిగిన వారికి వేరే చెప్పనక్కరలేదు. కళ్లంలో ఎండిన కాయను ఎండలు ముదిరేవరకు బయటనే ఉంచితే రంగు దిగిపోతుంది, దానితో పాటు ధరా దిగిపోతుంది. గుంటూరు చుట్టుపట్ల ఇన్ని శీతల గిడ్డంగులు వెలసినది ఇందుకే. అదే ఊరిలో, అదే ఎండలో, ఇంటిముందు ఛార్జింగుకు పెట్టిన విద్యుత్ మోటారుసైకిలు బ్యాటరీని కూడా వేడి ఇదే విధంగా తినివేస్తూ ఉంటుంది. అయితే బ్యాటరీ లోహపు పెట్టెలో మూసి ఉన్నది గనుక దాని రంగు దిగడం ఎవరికీ కనబడదు. రెండు మూడు వేసవులు గడచిన తరువాత “బండి మునుపటంత దూరం పోవడం లేదు” అన్న మాట మాత్రం వినబడుతుంది.

బలం తగ్గడం ఒక నష్టం. ఇంతకన్న పెద్ద నష్టం ఒకటున్నది. 2022 ఏప్రిల్ నెలలో కొద్ది రోజుల తేడాతో విజయవాడలోను, నిజామాబాదులోను విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు ఛార్జింగులో ఉండగా పేలి, చెరియొక ప్రాణం పోయింది. రెండు చోట్లా బ్యాటరీని బండినుంచి విడదీసి ఇంటిలోపలనే ఛార్జింగుకు పెట్టారు. రెండూ ఇంటివారు నిద్రలో ఉండగా జరిగినవే. ఆ వేసవిలో దేశంలో మరికొన్ని చోట్ల కూడా బండ్లు అంటుకోవడంతో కేంద్ర ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని నియమించి, ద్విచక్ర వాహనాల బ్యాటరీలకు సంబంధించిన ఏ.ఐ.ఎస్. 156 ప్రమాణాన్ని కట్టుదిట్టం చేసింది. కొత్త నిబంధనలు కొన్ని 2022 డిసెంబరు 1 నుంచి, తక్కినవి 2023 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చాయి.

ఇంతకూ ఛార్జింగు సమయంలో బ్యాటరీ ఎందుకు వేడెక్కుతుంది? ఆ వేడి ఎంత? దానిని తగ్గించడం ఎట్లా?

విద్యుత్ మోటారుసైకిలు బ్యాటరీ అంటే ఒకే వస్తువు కాదు. చిన్న చిన్న విద్యుద్ఘటాలను వరుసలుగా కూర్చిన ఘటమాల అది. చాలా బండ్లలో ఘటం దాదాపు బొటనవేలంత లావుగా, గొట్టంవలె ఉంటుంది. 18650 అని దానిపై ఉన్న అంకెకు అర్థం, వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు అని. లోపల ఒక ప్రక్క లోహపు ఆక్సైడు గాని ఫాస్ఫేటు గాని పూసిన అల్యూమినియం రేకు, మరొక ప్రక్క గ్రాఫైటు పూసిన రాగిరేకు, నడుమ సన్నని రంధ్రాలు గల ప్లాస్టిక్ పొర. ఈ మూడింటిని కలిపి చాప చుట్టినట్టు చుట్టి, లిథియం లవణం కరిగిన ద్రవంలో తడిపి ఉంచుతారు. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయానులు ఆక్సైడును వదలి, ద్రవంలో ఈది, ప్లాస్టిక్ పొర దాటి, గ్రాఫైటు పొరల సందుల్లో చేరతాయి. బండి నడిచేటప్పుడు వెనుకకు వస్తాయి. ఈ ఘటాన్ని 1991లో సోనీ సంస్థ మొదట అమ్మకానికి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడ్ఎనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

అయానుల ప్రయాణం సాఫీగా సాగదు. ద్రవంలోను, పొరల్లోను, రేకుల్లోను, అతుకుల్లోను ప్రతిచోటా కొంత అడ్డు తగులుతుంది. ఈ అడ్డునే అంతర్నిరోధం అంటారు. నిరోధం గుండా విద్యుత్తు పోతే ఉష్ణం పుడుతుందనీ, ఆ ఉష్ణం ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందనీ ఇంగ్లండులో జూల్ అనే శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించాడు. అనగా ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగింతలు, మూడింతలయితే వేడి తొమ్మిదింతలు. ఛార్జింగుకు సంబంధించిన మంచి చెడ్డలు చాలామట్టుకు ఈ సూత్రంలోనే ఇమిడి ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి స్పష్టపడుతుంది. సుమారు 3 యూనిట్ల విద్యుత్తు పట్టే 52 వోల్టుల బ్యాటరీ ఉన్నదనుకోవచ్చు. దాని బరువు 20 కిలోగ్రాములు, మొత్తం అంతర్నిరోధం 0.08 ఓము. ఇంటి ఛార్జరుతో 15 ఆంపియర్ల ప్రవాహం పంపితే బ్యాటరీ నిండడానికి నాలుగు గంటలు పడుతుంది. లోపల పుట్టే వేడి 15ను 15తో, దానిని 0.08తో హెచ్చవేస్తే 18 వాట్లు. ఒక చిన్న బల్బు పాటి వేడి! అదే బ్యాటరీకి 45 ఆంపియర్లు పంపి గంటంబావులో నింపదలిస్తే పుట్టే వేడి 162 వాట్లు. బయటకు పోయే దారి బొత్తిగా లేదనుకుంటే మొదటి పద్ధతిలో బ్యాటరీ 13 డిగ్రీలు, రెండవ పద్ధతిలో 37 డిగ్రీలు వేడెక్కాలి. నిజానికి కొంత వేడి పెట్టె గోడలగుండా గాలిలో కలుస్తుంది. పెట్టె ఉపరితలం అర చదరపు మీటరుంటే, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు నాలుగు వాట్ల చొప్పున పోతుందని స్థూలంగా లెక్క వేయవచ్చు. ఆ లెక్కను నెమ్మదిగా చేసే ఛార్జింగు బ్యాటరీని నాలుగు డిగ్రీలకు మించి వేడెక్కించదు. త్వరగా చేసేది మాత్రం 24 డిగ్రీలు పైకి లేపుతుంది. నెమ్మదిగా చేసినప్పుడు వేడికి బయటపడే వ్యవధి ఉండడమే ఈ భేదానికి కారణం. శీఘ్ర ఛార్జింగుకు తగినట్లు తయారుచేసే బండ్లలో నిరోధం తక్కువగా ఉన్న ఘటాలు వాడి, వేడి పోయే ఏర్పాట్లు అధికంగా చేస్తారు. ఆ ఏర్పాట్లు లేని బ్యాటరీకి ఎక్కడో దొరికిన పెద్ద ఛార్జరు తగిలించడం ఒట్టి తెలివితక్కువ పని.

నాలుగు డిగ్రీలేనా అని తేలికగా తీసివేయరాదు. ఎన్ని డిగ్రీల మీద నాలుగు అన్నది అసలు ప్రశ్న.

చిలకలూరిపేట ఉన్న పల్నాడు జిల్లాలోనే, ఎండలకు పెట్టింది పేరయిన రెంటచింతల ఉన్నది. మే నెల మధ్యాహ్నం ఈ మైదానంలో గాలి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. అది నీడలో కొలిచిన వేడి. ఎండ నేరుగా పడే చోట ఒక చదరపు మీటరు మీద సుమారు వెయ్యి వాట్ల శక్తి పడుతుంది. మోటారుసైకిలు ట్యాంకు, సీటు, ప్రక్క పలకలు నల్లగా ఉండి, పావు చదరపు మీటరు మేర ఎండకు తగిలినా రెండువందల వాట్ల దరిదాపు వేడిని అవి పీల్చుకుంటాయి. అందులో కొంత తిరిగి గాలిలో కలిసినా, మిగిలినది లోపలికి దిగుతుంది. నెమ్మదిగా చేసే ఛార్జింగు వలన పుట్టే 18 వాట్లతో దీనిని పోల్చి చూస్తే బ్యాటరీకి అసలు శత్రువెవరో తెలుస్తుంది. ఇంటి ఛార్జరుకంటె ఎండ అనేక రెట్లు పెద్ద పొయ్యి.

దీనికి నడక వేడి కూడా చేరుతుంది. చిలకలూరిపేటనుంచి గుంటూరుకు జాతీయ రహదారి మీద నలభై కిలోమీటర్లు వేగంగా పోయిన బండి బ్యాటరీ, ఛార్జింగులోకంటె ఎక్కువ ప్రవాహంతో పనిచేసి, గాలికంటె పది డిగ్రీలు వేడిగా ఆగుతుంది. ఆగిన వెంటనే ఛార్జింగుకు తగిలిస్తే 50 డిగ్రీల మీదనుంచి లెక్క మొదలవుతుంది. ఈ జాతి ఘటాలలో చాలా వాటికి తయారీదారులు విధించే హద్దు, బండి నడిచేటప్పుడు 60 డిగ్రీలయినా ఛార్జింగులో 45 డిగ్రీలే. ఛార్జి నిండుతున్న కొద్దీ గ్రాఫైటులో లిథియం నిండి, ఆక్సైడు పైన వోల్టేజి పెరిగి, రెండు ప్రక్కలా ఉన్న పదార్థాలు ద్రవంతో చర్య జరపడానికి సిద్ధంగా ఉంటాయి. ఛార్జింగుకు హద్దు తక్కువగా పెట్టడానికి ఇదొక కారణం. అప్పుడు వేడి తగిలితే ఆ చర్యలు త్వరపడతాయి. వేడికీ రాసాయనిక చర్యల వేగానికీ గల సంబంధాన్ని స్వీడను దేశపు అరీనియస్ 1889లో సమీకరణంగా వ్రాశాడు. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు అని రసాయన శాస్త్రజ్ఞులు వాడుకలో చెప్పుకునే మోటు లెక్క కూడా ఈ సంబంధాన్ని గురించినదే. ఈ చర్యలవల్ల గ్రాఫైటు మీద ఉన్న సన్నని రక్షణ పొర మందమవుతుంది, అందులో లిథియం చిక్కుకొని పనికిరాకుండా పోతుంది, అంతర్నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగిన బ్యాటరీ మరుసటి వేసవిలో అదే ఛార్జరుతో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. పాత బ్యాటరీలను మరింత జాగ్రత్తగా చూడవలసింది ఇందుకే.

ఇక ప్రమాదం సంగతి. సరిగా ఆరని గడ్డిని వామి వేస్తే ఏమవుతుందో రైతులకు తెలుసు. మొదట లోపల ఆవిరెక్కుతుంది. వామి పెద్దదయితే ఆ వేడి బయటకు పోలేదు. వేడి నిలిచిన కొద్దీ లోపలి మార్పులు త్వరపడతాయి, త్వరపడిన కొద్దీ వేడి పెరుగుతుంది. ఒకనాడు ఎవరూ నిప్పు పెట్టకుండానే పొగ లేస్తుంది. దీని గణితాన్ని రష్యా శాస్త్రజ్ఞుడు సెమ్యోనొవ్ 1928లో వివరించాడు. పుట్టే వేడి ఉష్ణోగ్రతతో పాటు అంతకంతకు దూకుడుగా పెరుగుతుంది. పోయే వేడి మాత్రం డిగ్రీకి ఇంత అని నిదానంగానే పెరుగుతుంది. మొదటిది రెండవదానిని దాటిన క్షణం నుంచి పగ్గం తెగినట్లే. లిథియం ఘటంలో ఈ పరుగు సుమారు 80, 90 డిగ్రీల దగ్గర గ్రాఫైటు మీది రక్షణ పొర విచ్ఛిన్నం కావడంతో మొదలవుతుంది. 130 డిగ్రీల ప్రాంతంలో నడుమనున్న ప్లాస్టిక్ పొర కరుగుతుంది. అది పూర్తిగా చెడితే రెండు ధ్రువాలూ లోపలనే కలుసుకుంటాయి. 200 డిగ్రీలు దాటితే నికెలు కలిసిన ఆక్సైడు ప్రాణవాయువును విడుస్తుంది. మండే ద్రవమూ, ప్రాణవాయువూ, వేడీ ఒకే గొట్టంలో! ఒక ఘటం పేలితే ప్రక్క ఘటం కాగుతుంది, అది పేలితే దాని ప్రక్కది.

నలభై అయిదునుంచి ఎనభైకి చాలా దూరమున్నది కదా అనవచ్చు. నిజమే. మంచి బ్యాటరీ వేసవిలో ఛార్జి చేసినంత మాత్రాన పేలదు; పేలిన వాటిలో సాధారణంగా మరేదో లోపం ఉంటుంది. తయారీలో లోపలికి చేరిన లోహపు రేణువు కావచ్చు, అతుకు వదులు కావచ్చు, ఒక ఘటం ప్రక్కవాటికంటె ముందే నిండి మితిమీరడం కావచ్చు, గోతిలో పడి పెట్టె నొక్కుకొనిపోవడం కావచ్చు. అయితే చల్లని రోజున అణగి ఉండే లోపం వేడి రోజున తల ఎత్తే అవకాశం ఎక్కువ. వేడి ఆ దూరాన్ని తగ్గిస్తుంది. అంతవరకే, కాని అది చాలు.

ఇనుపు ఫాస్ఫేటుతో చేసిన ఘటాలు ఈ విషయంలో మెరుగు. ఫాస్ఫేటు ప్రాణవాయువును గట్టిగా పట్టుకొని ఉంటుంది, అంత సులభంగా వదలదు. ఈ పదార్థాన్ని దేశీయంగా తయారుచేసే పద్ధతుల మీద హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనా కేంద్రం పనిచేసింది. ఈ రకం ఘటాలు బరువు ఎక్కువ. అయినా ఎండ ప్రాంతాలకు ఇవే తగినవనడం న్యాయం. వాటినుంచి కూడా మండే వాయువులు వెలువడగలవు గనుక భయమే లేదనుకోవడం మాత్రం పొరపాటు.

వేడిని బయటకు పంపడానికి ఇంజనీర్లు పలు ఉపాయాలు పన్నారు. పెట్టెను అల్యూమినియంతో చేసి, పైన రెక్కలవంటి పలకలు పెట్టడం సామాన్యమైనది. ఇది బండి నడిచేటప్పుడు గాలి తగిలి బాగా పనిచేస్తుంది. నిలిపి ఛార్జి చేసేటప్పుడు గాలి ఉండదు గనుక సగం ఫలితమే. ఘటాల మధ్య మైనంవంటి పదార్థాన్ని నింపడం మరొక ఉపాయం. మైనం కరుగుతూ కిలోగ్రాముకు సుమారు రెండులక్షల జూళ్ల వేడిని తనలో దాచుకుంటుంది. రెండు కిలోల మైనం పైన చెప్పిన నెమ్మది ఛార్జింగు వేడినంతా మ్రింగగలదన్నమాట. కాని ఇక్కడొక చిక్కు. 42 డిగ్రీల వద్ద కరిగే మైనం చల్లని దేశంలో బాగా పనిచేస్తుంది. చిలకలూరిపేటలో మే నెల మధ్యాహ్నం అది ఛార్జింగు మొదలుకాక మునుపే కరిగి కూర్చుంటుంది. కొంత హెచ్చు ఉష్ణోగ్రత వద్ద కరిగేదానిని ఎంచుకోవలసి ఉంటుంది. ద్రవాన్ని గొట్టాలలో త్రిప్పి చల్లార్చే పద్ధతి మంచిదేగాని, ఖర్చూ బరువూ ఎక్కువ. ఫంకా పెట్టినా గాలి ఎంత వేడిగా ఉంటే బ్యాటరీ అంతవరకే చల్లారుతుంది, అంతకు దిగదు. కుండలో నీరు చల్లబడినట్లు చల్లబడుతుందని తడి గోనెసంచి కప్పేవారున్నారు. ఈ పని చేయరాదు. కుండ చల్లబడేది నీరు దాని గోడలగుండా ఊరి ఆవిరి కావడం వల్ల. బ్యాటరీ పెట్టె మీద తడి ప్లగ్గుల సందుల్లోకి దిగుతుంది. మంచు పెట్టడమూ అంతే. పైభాగం చల్లబడినా, చాపచుట్టకు అడ్డంగా వేడి చాలా మందంగా ప్రయాణిస్తుంది గనుక నడుమ ఉన్న ఘటాలు వేడిగానే ఉంటాయి.

ఈ నడుమ ఘటాల సంగతి తెలుసుకోవడానికే బ్యాటరీలో ఒక కావలి పరికరం ఉంటుంది. దీనిని బి.ఎం.ఎస్. అంటారు. అది ప్రతి వరుస వోల్టేజిని చూస్తూ, పలుచోట్ల ఉష్ణోగ్రత కొలుస్తూ, హద్దు మీరితే ప్రవాహాన్ని తగ్గిస్తుంది లేదా ఆపివేస్తుంది. కొత్త ప్రమాణం ప్రకారం బ్యాటరీలో కనీసం నాలుగు చోట్ల ఉష్ణోగ్రతను కొలవాలి. ఒక ఘటం వేడి అదుపు తప్పితే వెలుగుతోను, మోతతోను హెచ్చరించాలి. వేసవి మధ్యాహ్నం “బండి ఛార్జి ఎక్కడం లేదు, చెడిపోయింది” అని మెకానిక్కు దగ్గరకు తీసుకుపోయేవారు ఈ సంగతి గమనించాలి. చాలాసార్లు అది చెడిపోవడం కాదు, కావలివాడు తన పని చేయడం. ఆ పరికరాన్ని తప్పించి నేరుగా ఛార్జి ఎక్కించే వీధి వైద్యం ఎంత చవక అయినా ఒప్పుకోరాదు.

అయితే ఏ వేళ ఛార్జి చేయాలి? బండి వచ్చి ఆగిన తరువాత పైన వేసిన లెక్క ప్రకారం, బ్యాటరీలో గాలికంటె ఎక్కువగా ఉన్న వేడిలో మూడింట రెండువంతులు పోవడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. పావుగంట ఆగితే చాలునన్న మాట శీతకాలానికి సరిపోతుందేమో, మే నెలకు చాలదు. సాయంత్రం ఏడు గంటలకు వచ్చిన బండిని తొమ్మిదింటికి తగిలించడం కొంత మేలు. కాని వేసవి రాత్రి తొమ్మిదింటికి గోడలూ నేలా ఇంకా కాగుతూనే ఉంటాయి. చల్లని వేళ తెల్లవారుజాము. రాత్రంతా నిలిచిన బ్యాటరీ అప్పటికి 30 డిగ్రీలకు దగ్గరగా దిగుతుంది. నాలుగు డిగ్రీలు పెరిగినా భయం లేదు. రాత్రి తగిలించి నిద్రపోతే చల్లదనం దొరుకుతుంది గాని చూసేవారుండరు. పగలు చూసేవారుంటారు గాని చల్లదనం ఉండదు. రెండూ కలిసివచ్చేది పాలవాళ్లూ, పొలం పనివాళ్లూ లేచే ఆ నాలుగు, అయిదు గంటల వేళే. నాలుగు గంటల సేపు ఎవరు కూర్చుంటారు అనవచ్చు. కాని నరసరావుపేట పోయి వచ్చిన బండి నడిచినది నలభై అయిదు కిలోమీటర్ల లోపు. మూడు యూనిట్లలో సగంకూడా ఖర్చు కాదు. దానిని నింపడానికి రెండు గంటలు చాలు. నిండుగా ఛార్జి ఉన్న బండిని పగలంతా ఎండలో నిలపడం బ్యాటరీకి మిక్కిలి చెరుపు గనుక, దగ్గర తిరుగుడుకు ఎనభై వంతులతో సరిపెట్టుకోవడం మంచిది. ఫాస్ఫేటు రకం వారు మాత్రం తయారీదారు చెప్పిన వ్యవధికి ఒకసారి పూర్తిగా నింపాలి. ఘటాలన్నీ ఒక మట్టానికి రావడానికి అది అవసరం.

చోటు విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటున్నది. ఇక్కడి ఇళ్లలో ప్రత్తి తీసిన రోజుల్లో వసారాలో ప్రత్తి ఉంటుంది, తరువాత మిరపకాయల బస్తాలు ఉంటాయి. అదుపు తప్పిన ఘటంనుంచి మండుతున్న రేణువులు బారల దూరం ఎగిరిపడతాయి. వాటికి ప్రత్తిబోరెంతో పదునైన ఆహారం వేరే లేదు. ప్రత్తి ఉన్న వసారాలోగాని, పడకగదిలోగాని, బయటకు పోయే ద్వారానికి అడ్డంగాగాని బ్యాటరీని ఛార్జి చేయరాదు. రేకుల పాక నీడ నీడే కాదు, పగలంతా కాగిన రేకు క్రిందికి వేడిని ప్రసరిస్తూనే ఉంటుంది. దానికంటె వేపచెట్టు నీడ నయం. వాన వస్తే మాత్రం ప్లగ్గు తడవని ఏర్పాటు ఉండాలి.

ఛార్జరు పెట్టె చేతికి బాగా వేడిగా తగలడం చూసి కొందరు భయపడతారు. అందులో భయం లేదు. 780 వాట్లు బ్యాటరీకి అందించే ఛార్జరు నూటికి తొంభై పాళ్లు సమర్థమైనదయితే సుమారు 85 వాట్లు తనలోనే వేడిగా పోగొట్టుకుంటుంది. బ్యాటరీలో పుట్టే దానికి ఇది నాలుగింతలకు పైమాటే. దానిని బ్యాటరీ మీదగాని, దుప్పటి మీదగాని పెట్టకుండా గాలి ఆడే చోట ఉంచితే చాలు. భయపడవలసింది గోడలోని సాకెట్టు వేడెక్కితే. ప్లగ్గు వదులుగా ఉన్నచోట నిరోధం హెచ్చి, జూల్ సూత్రం అక్కడా పనిచేస్తుంది. నల్లబడిన పిన్నులూ, కాలిన ప్లాస్టిక్ వాసనా దానికి గుర్తులు. ఎర్తు లేని సాకెట్టుకు, చుట్ట చుట్టిన పొడుగు తీగెకు బండిని తగిలించరాదు.

బ్యాటరీ ఉబ్బడం, బుసకొట్టినట్లు చప్పుడు, తియ్యని ద్రావకపు వాసన, తెల్లని పొగ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నిమిషాల వ్యవధి కూడా ఉండకపోవచ్చు. మెయిను స్విచ్చి దగ్గరలో ఉంటే ఆపి, ఇంటివారినందరిని బయటకు పంపి, 101కి ఫోను చేయాలి. ఆ పొగలో హైడ్రోజను ఫ్లోరైడు అనే విషవాయువు ఉంటుంది, పీల్చరాదు. అగ్నిమాపక దళం వారు ఈ మంట మీద నీటిని ధారాళంగా పోస్తారు. పొడి చల్లితే మంట అణగినట్లు కనిపించినా లోపలి వేడి పోదు. నీరు వేడిని లాగివేస్తుంది. ఆరిన బ్యాటరీ గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాడు కూడా, తిరిగి అంటుకోగలదు గనుక దానిని ఇంటికి, ప్రత్తికి, మరో బండికి దూరంగా ఆరుబయట వదలివేయాలి.